బాలిస్టాల్ నూనె, 12 బోర్ క్లీనింగ్ కిట్: మన ఉద్దానం ఉప్పుగాలికి ఆగుతాయా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే సోంపేట, కవిటి, కంచిలి, మందస వైపు పంట కాపలాకి లైసెన్సు తుపాకీ పెట్టుకున్నవాళ్ళ కోసం, తుపాకీకి రాసే బాలిస్టాల్ నూనె గురించి, గొట్టాలు శుభ్రం చేసే కిట్ గురించి రాస్తన్నాను. మిగతా చోట్ల వాళ్ళకి కూడా పనికొస్తాది గానీ సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ పనికొస్తాది. నాది మా నాయన నుంచి వచ్చిన ఫ్యాక్టరీ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ, 12 బోర్ (బోర్ అంటే గొట్టం వెడల్పు కొలత). లైసెన్సు నా పేరు మీదకి మార్పించుకున్నాక దాన్ని చూసుకోడం నా పనే అయ్యింది. వేట కోసం కాదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరమే, ఎలుగుబంటి అయితే అందులో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితా, షెడ్యూల్ ఒకటిలో ఉంది, దాని జోలికి పోకూడదు. పందులు చేలో పడినప్పుడు గాల్లోకి ఒకటి పేల్చి తోలడానికి, తెల్లారగట్ల జీడితోటలోకి ఒంటరిగా వెళ్ళాల్సొస్తే ధైర్యానికి, అంతే.

మా దగ్గర తుపాకీ పనిలో ఉండేది రెండు సీజన్లు. మార్చి నుంచి జీడిపిక్కలు, తర్వాత పనసపళ్ళు ముగ్గే రోజులు, అప్పుడు ఎలుగులు తోటల్లోకి దిగుతాయి. మళ్ళీ వరి పాలు పోసుకునే టైమ్, అంటే దసరా దాటాక కార్తీకం వరకు, పందుల గోల. ఈ రెండింటి మధ్యలో జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా తుపాకీ బీరువాలోనే. సరిగ్గా అవే నెలల్లో వానలు, ముసురు, పైన ఉప్పుగాలి. గాల్లో తేమ 60 శాతం దాటితేనే ఇనుముకి తుప్పు గబగబా మొదలవుతాది అంటారు, మన తీరంలో వానాకాలం అది 80 దాటి నిలబడిపోతాది, దానికి తోడు ఉప్పు. పనిలో ఉన్న తుపాకీ వారానికోసారి చేతికి తగులుతాది కాబట్టి ఏదొచ్చినా కనిపిస్తాది, లోపల పెట్టి మర్చిపోయిన తుపాకీయే పాడవుతాది. అందుకే ఈ నూనె, ఈ కిట్ రెండూ ఆ దాచిపెట్టే నెలల కోసమే కొన్నాను, రివ్యూ కూడా ఆ లెక్కలోనే చదవండి.

ముందు మనవాళ్ళు ఏటి రాస్తారో చెప్పాలి, లేకపోతే ఇంత డబ్బు పెట్టి జర్మనీ నూనె ఎందుకు అని అడుగుతారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు కొబ్బరినూనె రాసీవోళ్ళు, ఇంటి చుట్టూ కొబ్బరి తోటలే కదా. కొన్నాళ్ళు బాగానే ఉంటాది, తర్వాత ముక్కిపోతాది, ముక్కిన నూనెలో ఆమ్లం పుడతాది, అది ఇనుముకి మంచిది కాదు. పైగా 24 డిగ్రీల కింద గడ్డకడతాది, మార్గశిరం చలిలో ట్రిగర్ లోపల తెల్లగా పేరుకుంటే స్ప్రింగులు బరువెక్కుతాయి. కొందరు కిరసనాయిలుతో తుడిచీసి పెట్టేస్తారు. కిరసనాయిలు మడ్డి బాగా వదిలిస్తాది, అక్కడితో దాని పని అయిపోతాది, ఆరిపోయాక ఇనుము మీద కాపలాకి ఏమీ మిగలదు. కుట్టుమిషన్ నూనె వీటన్నిటికన్నా నయం, ఊరిలో ఏ షాపులోనైనా దొరుకుతాది, కదిలే భాగాలకి చుక్క వేస్తే చాలా బాగుంటాది, కానీ పల్చన, నిలబెట్టిన గొట్టం మీద కొన్ని వారాలకి కిందకి జారిపోతాది.

ఇక బాలిస్టాల్. ఇది 1904లో జర్మనీలో తయారైన నూనె, అప్పటి వాళ్ళ సైన్యం కోసం చేసేరు. గొట్టం లోపలికీ, పై ఇనుముకీ, బట్ చెక్కకీ (భుజానికి ఆనించే చెక్క), తోలు పట్టీకీ అన్నిటికీ ఒకే నూనె సరిపోవాలి అన్నది వాళ్ళ ఉద్దేశం, ఇప్పటికీ దాని గొప్ప అదే. మందుల్లో వాడే రకం తెల్ల మినరల్ ఆయిల్ మీద తయారైంది, కొంచెం క్షార గుణం ఉంటాది, అంటే తుపాకీ పేల్చాక మిగిలే మసిలో, మన చేతి చెమటలో ఉండే పులుపుని విరుస్తాది. నీళ్ళలో పోసి కలిపితే పాలలాగ తెల్లగా అయిపోతాది. ఎండినా జిగురు కట్టదు, ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, ఎందుకంటే పాత తుపాకీల్లో సగం రోగాలు ఎండిపోయిన నూనె జిగురు వల్లే. వాసన మాత్రం ఘాటు, సోంపు లాంటి వాసన, మా ఇంట్లోవాళ్ళకి అస్సలు పడదు, వరండాలో కూర్చుని చేసుకోమంటారు. వరండాలో చెయ్యడమే మంచిది కూడా, ఏ నూనె అయినా గాలి తగిలే చోటే వాడాలి.

కిట్ సంగతి. బ్రాండ్ పేరేమీ లేని మామూలు 12 బోర్ కిట్, ఓ పొడుగు ప్లాస్టిక్ డబ్బా, అందులో మూడు ముక్కల రాడ్, ఒక ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్, ఒక ఉన్ని మాప్, గుడ్డ చుట్టుకునే ముక్క, ఖాళీ నూనె సీసా. బ్రష్షుకి నూటికి నూరు మార్కులు. మాప్ కూడా మంచిదే. రాడ్ మాత్రం అల్యూమినియం, మరలు మెత్తన, బిగించి తోస్తుంటే జాయింట్ దగ్గర వదులవుతాది, వదులైన చోట మర అంచు గొట్టం లోపల గీసుకునే ప్రమాదం ఉంది. నేను రాడ్ ఒక్కటీ విడిగా ఇత్తడిది చేయించుకున్నాను, విజయనగరంలో లేత్ షాపులో చేసిచ్చేరు. కొనేవాళ్ళు కుదిరితే మొదటే ఇత్తడి రాడ్ ఉన్న కిట్ చూసుకోండి, లేదా కర్ర రాడ్ అయినా పర్లేదు.

వాడిన తీరు కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నూనె ఎంత మంచిదైనా మసి మీద రాస్తే ప్రయోజనం లేదు, మసి తేమని పీల్చుకుని పట్టుకుంటాది, పైన నూనె మెరుస్తంటాది కింద చిలుము పడతంటాది. మొట్టమొదట తుపాకీ విరిచి, అంటే మధ్యలో వంచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీయో కాదో కళ్ళతో చూసి, వేలు పెట్టి చూసి, తూటాలు వేరే గదిలో పెట్టీసి, పిల్లల్ని బయటకి పంపీసి అప్పుడు మొదలెట్టాలి, ఎన్నేళ్ళ నుంచి చేస్తన్నా సరే. గొట్టాల కింద ముందు వైపు ఉండే చెక్క ఊడదీస్తే గొట్టాలు విడిపోతాయి, మొత్తం మూడు ముక్కలు. గొట్టాల్లోకి బాలిస్టాల్ కొట్టి పావుగంట వదిలీయాలి, తొందరపడితే బ్రష్ కష్టపడాలి. తర్వాత బ్రష్‌ని తూటా పెట్టే వైపు నుంచి మూతి వైపుకి తోయాలి, మూతి వైపు నుంచి తోస్తే మడ్డి అంతా తూటా పెట్టే గదిలోకి వచ్చి పడతాది, మూతి అంచు కూడా అరుగుతాది. 12 బోర్ గొట్టం లోపల వెడల్పు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు, చాలా వెడల్పు కదా, లైటు పెట్టి చూస్తే అంతా కనిపిస్తాది. తూటా గది దాటగానే సన్నమయ్యే చోట, మళ్ళీ చివర చోక్ దగ్గర, అంటే మూతి దగ్గర గొట్టం సన్నమయ్యే చోట, ఈ రెండు చోట్లా బూడిద రంగు చారలు ఉంటే అది తూటా గుళ్ళు రాసుకుని అంటిన సీసం. ప్లాస్టిక్ వాడ్ (తూటాలో మందుకీ గుళ్ళకీ మధ్య ఉండే ముక్క) ఉన్న తూటాలు వాడితే ప్లాస్టిక్ చారలు కూడా ఉంటాయి.

ఇక్కడే బాలిస్టాల్ బలహీనత చెప్పాలి. మసిని బాగా కరిగిస్తాది, సీసాన్ని, ప్లాస్టిక్‌నీ అంతగా కరిగించదు. వదిలించాల్సింది బ్రష్షే. ఒకసారి నానబెట్టి బ్రష్ చేసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ నానబెట్టి మళ్ళీ బ్రష్ చెయ్యాల్సొచ్చింది నాకు. చారలు మొండిగా ఉన్న తుపాకీ అయితే సీసం వదిలించే సాల్వెంట్ వేరేగా కొనుక్కోవాలి, ఈ నూనె ఒక్కటే చాలు అని అమ్మేవాళ్ళు చెప్పినా నేను చెప్పను. చివర్లో పాత పంచె ముక్కలు చుట్టి తోస్తూ ఉండండి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేవరకు. నూలు గుడ్డే వాడాలి, టెర్లిన్ చొక్కా ముక్కలు నూనె పీల్చవు. ఎక్స్‌ట్రాక్టర్, అంటే తూటాని గదిలోంచి పైకి లేపే ముక్క, దాని కింద పాత టూత్ బ్రష్‌తో తోమాలి, అందరూ వదిలేసే చోటు అదే, తుప్పు మొదలయ్యే చోటూ అదే.

అన్నీ ఆరాక అప్పుడు దాచే నూనె. లోపలికి ఒక్క తడి గుడ్డ, బయట ఒక్క తడి గుడ్డ. తడి అంటే నూనె కారకూడదు, వేలు పెడితే వేలు మెరవాలి అంతే. తుపాకీ నల్లగా నీలంగా కనిపించే ఆ బ్లూయింగ్ ఉంది చూసేరా, అది కూడా ఒక రకం ఇనుప ఆక్సైడే, మంచి రకం, కానీ దానికదే తుప్పుని ఆపలేదు, దానికున్న సన్న రంధ్రాల్లో నూనె పట్టి నిలబడితేనే కాపాడతాది. నూనె రాసేక మళ్ళీ వట్టి చేత్తో గొట్టం పట్టుకోకూడదు, చెక్క పట్టుకుని ఎత్తాలి. చేతి చెమటలో ఉప్పు ఉంటాది, వానాకాలంలో వేలిముద్ర పడిన చోటే వేలిముద్ర ఆకారంలో ఎర్రగా తుప్పు తేలుతాది, ఇది చాలామంది తుపాకీల మీద చూసేను.

నూనె ఎక్కువైతే ఏటి నష్టం అని అడగొచ్చు. విజయనగరంలో తుపాకీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకి స్ప్రింగు మార్పించడానికి వెళ్ళినప్పుడు ఆయన బట్ ఊడదీసి చూపించి చెప్పేడు, "చూసేవా బాబూ, నూనె ఎక్కువ పోసీసి గొట్టం పైకి పెట్టి నిలబెడితే అంతా కిందకి దిగి చెక్క తాగీస్తాది. ఈ మూల చెక్క నల్లబడి మెత్తబడిపోయింది, గోరు దిగుతాది చూడు. నిలబెడితే మూతి కిందకి పెట్టి నిలబెట్టు." అప్పట్నుంచి మూతి కింద ఒక మందం గుడ్డ వేసి తలకిందులుగానే నిలబెడుతున్నాను. బాలిస్టాల్ చెక్కకి హాని చెయ్యదు అన్నది నిజమే, బట్ మీద పల్చగా రుద్దితే వాల్‌నట్ చెక్క గీతలు భలే తేలుతాయి, కానీ లాక్ (ట్రిగర్, స్ప్రింగులు ఉండే భాగం) లోపలి నుంచి నెలల తరబడి కారే నూనె ఏదైనా సరే చెక్కకి మంచిది కాదు. బట్ పైన పాలిష్ పోయిన చోట అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దడం పాత పద్ధతి, అది ఇప్పటికీ దీనికన్నా మంచిదనే నా అభిప్రాయం.

ఇక అసలు పరీక్ష 2024లో అయ్యింది. ఎలక్షన్ కోడ్ మార్చి 16న మొదలై జూన్ 6 వరకు ఉంది, మన దగ్గర పోలింగ్ మే 13న. కోడ్ వస్తే లైసెన్సు తుపాకీలు స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు అన్నది అందరికీ తెలిసిందే. స్టేషన్‌లో ఉన్నన్నాళ్ళూ మనం తీసి తుడవడానికి ఉండదు, రాసిన నూనె మీదే భారం అంతా. డిపాజిట్‌కి ముందు రోజు పైన చెప్పినట్టు మొత్తం చేసి, బాలిస్టాల్ పల్చగా పట్టించి, నూలు గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చేను, రసీదు తీసుకున్నాను. ఎండాకాలమే అయినా మాది తీరం, ఏప్రిల్ మేలో కూడా తెల్లారేసరికి గాలి చెమ్మగానే ఉంటాది. తిరిగి తెచ్చుకున్నాక విప్పి చూస్తే గొట్టాల లోపల అద్దంలాగ ఉన్నాయి, బయట కూడా ఎక్కడా తుప్పు లేదు, ట్రిగర్ గార్డ్ మీద మాత్రం నూనె పొర బాగా పల్చబడిపోయింది, గుడ్డ పెడితే పొడిగా వచ్చింది. అంటే ఎండాకాలం మూడు నెలలు ఆగింది. వానాకాలం మూడు నెలలు ఆగదు, అది కూడా చూసేను. ముసురు పట్టిన నెలలో ఒకసారి తీసి తుడిచి మళ్ళీ రాస్తేనే నమ్మకం. మా చిన్నాన్న కొడుకు తుపాకీకి కూడా ఇదే రాసేం, వాళ్ళ ఇల్లు బారువ బీచ్‌కి దగ్గర, అక్కడ ఇరవై రోజులకోసారి చూసుకోవాల్సొస్తంది. సముద్రం ఎంత దగ్గరైతే అంత తరచుగా, ఈ నూనె పొర పల్చన అన్నది మర్చిపోకండి. మందంగా నిలిచేది కావాలంటే తుప్పు కోసమే చేసిన గ్రీజు, మైనం రకాలు ఉన్నాయి, కానీ వాటిని తర్వాత వదిలించడం పెద్ద పని, మధ్యలో పంది వచ్చిందని అర్ధరాత్రి తీయాల్సొస్తే కుదరదు.

డబ్ల్యూడీ-40 ఉంది కదా, ప్రతి మెకానిక్ షాపులో దొరుకుతాది, అది చాలదా అని అడిగేరు ఇద్దరు ముగ్గురు. ఆ డబ్బా మంచిదే, దాని పేరులోనే ఉంది, నీళ్ళని తోసెయ్యడానికి చేసింది, వానలో తడిసిన తుపాకీ మీద ఇంటికి రాగానే కొట్టడానికి దానికి మించింది లేదు. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే సాల్వెంట్, మిగిలే పొర చాలా సన్నం. తడి పోగొట్టడానికి అది, నెలల తరబడి దాచడానికి ఇది. రెండూ ఇంట్లో ఉంటే మరీ మంచిది.

పెట్టే చోటు గురించి నాలుగు మాటలు రాయకపోతే ఈ రివ్యూ సగమే. తోలు కేసులోనో ఫోమ్ ఉన్న సంచిలోనో జిప్పు వేసి దాచకండి, అవి మోసుకెళ్ళడానికే. ఫోమ్ తేమ పట్టి ఉంచుతాది, తోలులో ఉండే పదార్థాలు ఇనుముని తింటాయి. ఉతికిన నూలు గుడ్డ సంచి చాలు, లేదా సిలికాన్ పట్టించిన గన్ సాక్ (తుపాకీ తొడుగు) దొరికితే ఇంకా మంచిది. ఇనుప బీరువా గోడకి ఆనించకండి, మన ఇళ్ళల్లో వానాకాలం గోడలు చెమ్మ పడతాయి, జానెడు ఎడంగా పెట్టండి. లోపల తేమ పీల్చే సిలికా జెల్ వెయ్యండి, మందుల డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాలు సరిపోవు, అరకిలో రంగు మారే రకం కొనండి. నీలం గులాబీ రంగులోకి వచ్చిందంటే తేమ పట్టేసినట్టు, పాత మూకుడులో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాది. ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడకూడదు, నీలం రంగు కోసం వేసేది కోబాల్ట్, ఒంటికి మంచిది కాదు. తూటాలు వేరే తాళం కింద, వేరే చోట. నూనె తూటాల మీద పడనివ్వకండి, క్యాప్ దగ్గర నుంచి లోపలికి ఇంకితే పేలకపోవచ్చు. హ్యామర్ స్ప్రింగులు బిగుసుకుని నెలల తరబడి ఉండకూడదు అని కొందరు వట్టి గొట్టంతో ట్రిగర్ నొక్కేస్తారు, అలగ నొక్కితే పిన్ను విరిగే ప్రమాదం ఉంది, ఉత్తుత్తి తూటాలు, అవే స్నాప్ క్యాప్‌లు, రెండు పెట్టి నొక్కాలి.

నాటు తుపాకీ, అంటే మూతి నుంచి మందు కూరే లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళకి ఈ నూనె ఇంకా బాగా పనిచేస్తాది. అందులో వాడే నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) మసి నీళ్ళకే కరుగుతాది, నూనెకి అంతగా కరగదు, ఆ మసి ఉప్పులాంటిది, ఒక్క రాత్రి వదిలేసినా గొట్టం లోపల ఎర్రబడిపోతాది. బాలిస్టాల్ నీళ్ళలో కలుస్తాది కాబట్టి గోరువెచ్చటి నీళ్ళలో కొద్దిగా పోసి ఆ పాలలాంటి నీళ్ళతో కడిగి, పొడిగా తుడిచి, నీడలో ఆరబెట్టి, తర్వాత నీళ్ళు కలపని నూనె రాయాలి. నీళ్ళు ఆవిరై నూనె మిగులుతాది గానీ ఆ మిగిలింది చాలదు, రెండోసారి రాయడం మానకండి.

పంటలకి మళ్ళీ తీసినప్పుడు ఒక పని తప్పనిసరి. తూటా పెట్టే ముందు పొడి గుడ్డ రెండు గొట్టాల్లోంచి తోసి, తూటా గదుల్లో నూనె అంతా తుడిచీసి, లైటు పెట్టి అవతలి వైపు చూడాలి. నూనె నిండుగా ఉన్న గొట్టం పేల్చడం ప్రమాదం, తూటా గదిలో నూనె ఉంటే తుపాకీ విరిచే చోట ఉండే పట్టు మీద దెబ్బ ఎక్కువ పడతాది. దాచినన్నాళ్ళలో కందిరీగ లోపల మట్టి గూడు కట్టి ఉంటే, చూడకుండా పేల్చితే గొట్టం చీలిపోవచ్చు, మా వైపు కందిరీగలు ఏ కన్నం దొరికినా వదలవు.

కొనేవాళ్ళకి: స్ప్రే డబ్బా, ద్రవం సీసా రెండూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, రేటు మన నూనెలతో పోలిస్తే చాలా ఎక్కువ, దిగుమతి సరుకు. స్ప్రే నిప్పు అంటుకునే సరుకు కాబట్టి విమానంలో పంపరు, రోడ్డు మీదే రావాలి, మన ఊళ్ళకి చేరడానికి టైమ్ పడతాది, జూన్‌కి కావాలంటే మేలోనే బుక్ చెయ్యండి. నేను అయితే ద్రవం సీసానే తీసుకోమంటాను, స్ప్రేలో సగం గాల్లో పోతాది, సీసాలోది గుడ్డకి పట్టించి రాస్తే ఒక్క తుపాకీకి ఏళ్ళ తరబడి వస్తాది. నూనెకి అయిదుకి నాలుగు, సీసం దగ్గర ఒకటి తగ్గించేను. కిట్‌కి మూడు, రాడ్ మార్చుకుంటే నాలుగున్నర.